విడిది దండగ కాదు, బావగారూ!

మా బావగారికి ఈ మాట మొహం మీదే చెప్పి చూశాను. వినలేదు. ఫోనులో చెప్పాను. పెట్టేశారు. ఆయన పత్రికలు మాత్రం అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో సహా చదువుతారని మా అక్కయ్య చెప్పింది గనక, ఇహ ఇక్కడే చెప్పడం మేలని నిశ్చయించుకున్నాను. ఇందులో నా స్వంత కచ్చ కొంత వుంది. దాచను.

సంగతేమిటంటే, 2024 వేసవిలో మా మేనకోడలికి బెర్లిన్ నగరంలో ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరులో చేరాలి. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. "ముందు రెండు నెలలు సామాన్లతో సహా అద్దెకిచ్చే గది ఒకటి తీసుకుంటాను నాన్నా. అక్కడుండి నాలుగు పేటలూ తిరిగి, చూసి, అప్పుడు ఇల్లు మాట్లాడుకుంటాను" అన్నది. మా బావగారు కళ్ళజోడు సవరించుకుని, కరెంటు బిల్లు వెనక్కి తిప్పి, లెక్క కట్టారు.

"గదికి నెలకు 1,500 యూరోలు. రెండు నెలలకు 3,000. యూరో తొంభై చొప్పున 2,70,000 రూపాయలు. మామూలు ఇల్లయితే నెలకు 850తో పోతుంది. అంటే రెండు నెలల్లో 1,17,000 రూపాయలు దండగ. ఇక్కణ్ణుంచే ఫోటోలు చూసి, అడ్వాన్సు పంపేసి, విమానం దిగి నేరుగా వెళ్ళి పాలు పొంగించుకోక, ఈ సత్రవు కాపురం దేనికి?"

ఇంట్లో అందరూ తలలూపారు. పిల్ల నా వైపు చూసి, "మావయ్యా, నువ్వయినా చెప్పు" అన్నది. నేను చెప్పబోయాను. "నీకు తెలియదు, నువ్వూరుకో బావా" అన్నారు.

ఇంతకూ ఈ మాటలంటున్నదెవరు? 1991 వైశాఖంలో మా అక్కయ్యను చేసుకోవడానికి తెనాలి నుంచి బాపట్లకు తరలివచ్చిన పెళ్ళికొడుకుగారు! రైల్లో గంట ప్రయాణం. ఆ గంట ప్రయాణానికి మేము ఒక విడిదిల్లు మాట్లాడి, సున్నం వేయించి, జంబుఖానాలు పరిపించి, నీళ్ళ తొట్టి నింపించి వుంచాం. పొద్దున్నే ఆ విడిదికి కాఫీ కూజా మోసినవాణ్ణి నేను. కాఫీ చల్లారిందని వరుడుగారు అలిగి గోడవైపు తిరిగి పడుకుంటే, కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలినవాణ్ణీ నేనే. గంట ప్రయాణం చేసి వచ్చిన మగమహారాజుకు విడిది కావాలి. ఆరు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి, భాష రాని ఊళ్ళో ఒంటరిగా దిగే ఆడపిల్లకు మాత్రం అక్కర్లేదు!

విడిది మర్యాదంతా ఎందులో వుందో మన పెద్దవాళ్ళకు తెలుసు. విడిదిలో దిగినవాళ్ళు కావాలంటే మూటాముల్లే సర్దుకుని లేచిపోగలరు. అందుకే ఆడపెళ్ళివారు హడలిపోతూ మళ్ళీ మళ్ళీ కాఫీ పంపిస్తారు. పెళ్ళికూతురి ఇంట్లోనే ఒక మూల చాప వేసుకున్నవాడు ఏం అలుగుతాడు? అలిగితే ఎక్కడికి పోతాడు? కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడూ ఇంతే. రాత్రికి తల దాచుకునే చోటున్నవాడే ఇంటాయన కళ్ళలోకి చూసి, "మీ ఇల్లు నాకొద్దండీ" అనగలడు.

ఇదేదో ఈ కాలపు పిల్లలు కనిపెట్టిన సోకు కాదు. కాశీ వెళ్ళినా శ్రీశైలం వెళ్ళినా కరివెన సత్రం వెతుక్కున్న జాతి మనది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి గారు డేరాలు వెంటబెట్టుకుని కూడా, ఊరూరా దిగడానికి వసతి వుందా, సత్రముందా అని రాసుకుంటూ పోయారు. గాంధీగారు 1888లో లండను చేరి మొదట విక్టోరియా హోటల్లో దిగారు. బిల్లు మూడు పౌన్లయిందని గుండె గుభేలుమన్నా, అక్కణ్ణుంచి అద్దె గదులకూ, ఆ తరువాత మెహతా గారి సలహా మీద ఒక స్నేహితుడి దగ్గరకూ, అటుపైన ఒక వితంతువు ఇంటికీ మారారు. ఇన్ని మకాములు మార్చినా ఆయన చదువు చెడలేదు.

సరే, కోపం అలా వుంచి అసలు నిజం ఒప్పుకుంటాను. ఒకప్పుడు నేనూ బావగారి పార్టీయే.

2019లో మా అబ్బాయి ఇదే బెర్లిన్ వెళ్ళాడు. వాడూ ఇదే మాటన్నాడు, "ముందు నెల్లాళ్ళు ఏదైనా గదిలో వుంటాను నాన్నా" అని. నేను ఇంతెత్తున లేచాను. లాడ్జీలో వుంటాడట! సంసారుల పిల్లలు లాడ్జీల్లో వుంటారా? బ్యాంకులో నలుగురూ "మీవాడు ఎక్కడుంటున్నాడండీ?" అంటే ఏం చెప్పను? నిజానికి నాకు కావలసింది వాడికో ఇల్లు కాదు, నేను చెప్పుకోడానికో అడ్రసు.

ఒక ప్రకటన దొరికింది. రెండు గదులు, చెక్క నేల, కిటికీలోంచి చెట్టు. అద్దె నమ్మలేనంత తక్కువ. (అక్కడే ఆగవలసింది.) ఇంటాయన తాను వేరే దేశంలో ఉద్యోగంలో వున్నాననీ, ఇల్లు చూపించడానికి మనిషి లేడనీ, రెండు నెలల అడ్వాన్సు 1,600 యూరోలు పంపితే తాళంచెవులు ఏర్పాటు చేస్తాననీ చక్కని ఇంగ్లీషులో రాశాడు. పాస్‌పోర్టు నకలు కూడా జతచేశాడు, పెద్దమనిషి. "చూడకుండా డబ్బెలా పంపుతాం నాన్నా?" అన్నాడు మావాడు. బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు ఇళ్ళ అప్పుల కాగితాలు చూసినవాణ్ణి నేను. ఈ.సి. లేనిదే, లాయరు ఒపీనియను లేనిదే, స్వయంగా వెళ్ళి గడప తొక్కనిదే రెండు లక్షల అప్పుకు కూడా సంతకం పెట్టేవాణ్ణి కాను. అలాంటివాణ్ణి, మొహం తెలియని మనిషికి లక్షా పాతిక వేల పైచిలుకు పంపమని కన్నకొడుకు మెడమీద కూర్చున్నాను. పంపాడు.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం టేగెల్ విమానాశ్రయంలో దిగాడు. (ఆ విమానాశ్రయం 2020లో మూసేశారు.) ఇల్లు వెడ్డింగ్ అనే పేటలో. ఆ పేరు విని పెళ్ళిపేట కాబోలని మా ఆవిడ సంబరపడింది. దానికీ పెళ్ళికీ ఏ సంబంధమూ లేదు. నవంబరులో అక్కడ నాలుగు దాటితే చీకటి. ఆదివారం గనక కొట్లన్నీ మూసి వున్నాయి. మావాడు వెళ్ళేసరికి వీధి వుంది, ఇంటి నంబరూ వుంది, కిటికీ దగ్గర చెట్టు కూడా వుంది. గంట పక్కన పేరు మాత్రం వేరు. తలుపు తీసిన ముసలావిడ వీడి సూట్‌కేసులూ మొహమూ చూసి, ఏమీ అడక్కుండానే తల అడ్డంగా ఊపి, మూడు వేళ్ళు చూపించిందట. ఆ నెలలో అలా వచ్చినవాళ్ళలో వీడు మూడోవాడు.

ఆ రాత్రి ఎనిమిది మంచాల హాల్లో, సూట్‌కేసు పిడికి తువ్వాలు కట్టి, రెండో కొస మణికట్టుకు చుట్టుకుని పడుకున్నాడు. నాకు ఫోను చేసి, "చేరాను నాన్నా, ఇల్లు బాగుంది" అన్నాడు. నిజం నాకు నాలుగు రోజుల తరువాత తెలిసింది. మా ఆవిడ ఆ అబద్ధాన్ని ఇప్పటికీ నా ఖాతాలోనే రాస్తుంది.

అప్పుడు నేను రెండో తప్పు చేశాను. చుట్టాన్ని వెతికాను. మా చిన్నాన్న తోడల్లుడి మేనల్లుడు ఆ ఊళ్ళోనే వుంటున్నాడు. "మనవాళ్ళుండగా గదులేమిటి, హోటళ్ళేమిటి?" అన్నారు అందరూ. ఆ దంపతులు మంచివాళ్ళు. వాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు. ఇంట్లో రెండే గదులు, ఆ అమ్మాయికి ఎనిమిదో నెల. మావాడు పంతొమ్మిది రోజులు వాళ్ళ సోఫా మీద పడుకున్నాడు. వాళ్ళు పడుకుందాకా వీడు పడుకోడానికి వీల్లేదు, వీడు లేచిందాకా వాళ్ళు వంటింట్లోకి రావడానికి మొహమాటం. పన్నెండో రోజుకు ఆ దంపతులు తమ ఇంట్లో తాము గుసగుసగా మాట్లాడుకోవలసిన స్థితికి వచ్చారు. 2022లో విజయవాడలో ఒక పెళ్ళిలో ఎదురుపడితే, వాళ్ళూ మేమూ భోజనాలకు వేరు వేరు వరసలు వెతుక్కున్నాం. గది అద్దె మిగిలింది, చుట్టరికం ఖర్చయింది.

పైగా ఆ పంతొమ్మిది రోజులూ వాడికి కాగితం రీత్యా కూడా పనికిరాలేదు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, బావగారికి బొత్తిగా తెలియని భాగం ఇదే గనక. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల లోపల ఊరి కార్యాలయానికి వెళ్ళి, నేను ఫలానా చోట వుంటున్నానని నమోదు చేయించుకోవాలి. 2015 నవంబరు నుంచి దానికి ఇల్లిచ్చినవారి సంతకంతో ఒక చీటీ కూడా తప్పనిసరి. ఆ నమోదు జరిగాకనే పదకొండు అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అది ఆలస్యమైతే జీతంలోంచి పన్ను అత్యధిక తరగతి కింద కోసే ప్రమాదం వుంది. తరువాత తిరిగొస్తుంది, నిజమే. కాని మొదటి నెల ఎదురుగా కనబడేది కోతే. మా చుట్టం ఆ చీటీ ఇవ్వడానికి జంకాడు. తానే అద్దెకున్నవాడు, యజమానికి తెలిస్తే ఏమంటాడోనని భయం. ఇంటి కింద పోస్టు పెట్టె మీద మావాడి పేరంటించడానికీ అదే భయం. ఆ ఊళ్ళో ఫ్లాటుకు నంబర్లుండవు. పెట్టె మీద ఇంటిపేరు చూసి పోస్టుమాను ఉత్తరం వేస్తాడు. (మన ఇంటిపేర్లకు ఇంత విలువిచ్చే ఊరు మరొకటి నేనెరగను.) పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి. బ్యాంకు వాళ్ళు పంపిన కార్డు అలాగే వెనక్కి పోయింది. మొదటి జీతం కోతపడే వచ్చింది.

"సరే, మోసగాడి వల్ల పోయింది. నికార్సయిన ఇంటాయన్ని చూసుకుని ఇక్కణ్ణుంచే మాట్లాడదాం" అంటారు బావగారు. బాగుంది. నికార్సయిన ఇంటాయన ఏమడుగుతాడో తెలుసునా? గత మూడు నెలల జీతం చీటీలు. ఆపైన షూఫా అనే సంస్థ ఇచ్చే అప్పుల చరిత్ర పత్రం. ఆ సంస్థ 1927లో ఆ ఊళ్ళోనే పుట్టింది. తెనాలి పిల్ల చరిత్ర దానికేం తెలుసు? ఇంకా విమానమే ఎక్కనివాళ్ళకు అక్కడి జీతం చీటీలెక్కడివి? ఒక్క ఇల్లు చూడ్డానికి మెట్ల మీద వరస కట్టే ఊరది. అన్ని కాగితాలతో నిలబడినవాళ్ళను కాదని, ఏ కాగితమూ లేని పిల్లకు, మనిషిని చూడకుండా ఇల్లిస్తానని తెనాలికి రాసేవాడు ధర్మాత్ముడై వుండడు. ఇల్లుంటేనే నమోదు, నమోదు వుంటేనే తక్కిన కాగితాలు, కాగితాలుంటేనే ఇల్లు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. ఈ ముడి విప్పేది ఒక్క విడిది గదే. ఉద్యోగపు కాంట్రాక్టు చూపిస్తే గది ఇచ్చేవాళ్ళున్నారు. నమోదు చీటీ కూడా ఇస్తారా అని ముందే అడిగి తీసుకోవాలి, అంతే.

ఇహ ఆ 1,17,000 రూపాయల దండగ సంగతి. చూడని ఇంటికి సంతకం పెట్టేశాం అనుకుందాం. గడువు లేని మామూలు ఒప్పందమైతే ఖాళీ చేయడానికి మూడు నెలల ముందు నోటీసివ్వాలి. నచ్చినా నచ్చకపోయినా 850 చొప్పున 2,550 యూరోలు, అంటే 2,29,500 రూపాయలు కట్టవలసిందే. డిపాజిట్టు వేరే. చట్టం ప్రకారం అది ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు దాటకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మనకుంది; మొదటి వాయిదా కూడా అద్దె మొదలయ్యేటప్పుడే. మొత్తం ముందే పంపమనేవాడు చట్టం తెలియనివాడైనా అయివుండాలి, మా అబ్బాయికి దొరికినవాడి అన్నదమ్ముడైనా అయివుండాలి.

వంటిల్లు మాట మరిచాను. మామూలు ఇళ్ళు చాలావాటిలో వంటిల్లంటే గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు నీళ్ళ గొట్టాలూ, ఒక కరెంటు కనెక్షనూ. పొయ్యీ, అంట్ల తొట్టీ, అలమార్లూ మనమే కొని బిగించుకోవాలి. వెళ్ళేటప్పుడు ఊడదీసుకు పోవాలి. దీపాలు కూడా అంతే, పైకప్పులోంచి తీగ వేలాడుతూ వుంటుంది. విమానం దిగి నేరుగా వెళ్ళి పాలు పొంగించుకోమన్నారే బావగారు, దేని మీద?

ఫోటోలో చెట్టు కనిపిస్తుంది. కింద సారాకొట్టు వుందో లేదో కనిపించదు. పాత ఇళ్ళలో లిఫ్టు లేదనీ, మనం ఎక్కవలసింది నాలుగో అంతస్తనీ కనిపించదు. జూన్ నెల ఫోటోలో గదినిండా ఎండ. డిసెంబరులో ఆ ఊళ్ళో నాలుక్కు ముందే పొద్దుగూకుతుందని ఫోటో చెప్పదు. ఊరి చుట్టూ వలయంలా తిరిగే రైలుంది, 37 కిలోమీటర్లు, గంటలో చుట్టివస్తుంది. మా మేనకోడలు మొదటి ఆదివారం ఆ రైలెక్కి కూర్చుని ఒక చుట్టు తిరిగి, ఏ స్టేషను దగ్గర కూరగాయల కొట్లున్నాయో, ఏ స్టేషను బయట రాత్రిపూట దీపాలు లేవో పుస్తకంలో రాసుకున్నది. తెనాలిలో కూర్చుంటే ఆ పుస్తకం ఎవరు రాస్తారు?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ సామాను గదుల వ్యాపారమంతా ధర్మసత్రాల వ్యవహారమేమీ కాదు. బెర్లిన్‌లో 2015 జూన్ నుంచి కొత్త అద్దెల మీద చట్టం కళ్ళెం వేసింది. కొద్దికాలపు వాడకానికిచ్చే ఇళ్ళకు ఆ కళ్ళెం వర్తించదు. ఇంకేం? రెండు కుర్చీలూ ఒక మంచమూ వేసి, "తాత్కాలికం" అని కాగితం మీద రాసి, రెట్టింపు అద్దె గుంజుతూ, గడువు మీద గడువు పొడిగిస్తూ, ఏళ్ళ తరబడి విడిదిలోనే కాపురం చేయిస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళను నేను వెనకేసుకు రావడం లేదు. "నమోదుకు వీల్లేదు" అని ప్రకటనలోనే నిర్లజ్జగా రాసేవాళ్ళ గదులైతే ఊరికే ఇచ్చినా వద్దు. విడిది విడిదిలాగే వుండాలి. పదహారు రోజుల పండగ దాకా పెళ్ళివారు విడిదిలోనే తిష్ఠ వేస్తే ఆడపెళ్ళివారేమవుతారు?

మరి మా మేనకోడలి కథ ఏమయిందంటారా? తండ్రి మాట కాదని గదే తీసుకుంది. నమోదు పదమూడో రోజున అయింది. రెండు నెలలయినా ఇల్లు దొరకలేదు. బావగారు నాకు ఫోను చేసి మరీ ఆనందించారు. మూడో నెలా దొరకలేదు. ఆమె జీతం చీటీలు మూడూ చేతికొచ్చాక, డిసెంబరులో మాట కుదిరి, 2025 జనవరిలో మోబీట్ అనే పేటలో ఇంట్లో చేరింది. ముప్ఫై నాలుగు చదరపు మీటర్ల ఒంటిగది ఇల్లు. ముందున్నవాళ్ళు పొయ్యీ తొట్టీ ధర కట్టి వదిలి వెళ్ళారు. నాలుగు నెలలకూ కలిపి అదనంగా పడింది 2,600 యూరోలు, అంటే 2,34,000 రూపాయలు. పైన నేను వేసిన నోటీసు లెక్క 2,29,500 కదా? నాలుగు వేల అయిదు వందల తేడాతో బావగారు గెలిచారు. ఆ లెక్క ఆయన కరెంటు బిల్లు వెనక రాసి, ఫోటో తీసి, నాకు పంపారు.

ఇప్పుడాయన సాయంత్రాలు పార్కులో కూర్చుని, పిల్లల్ని విదేశాలకు పంపే మరో ముగ్గురు తండ్రులకు ఆ కాగితమే చూపించి బోధిస్తున్నారట. అందుకే ఇదంతా రాయవలసి వచ్చింది.

ఆ ముగ్గురు తండ్రులూ ఇది కూడా వినాలి. మేనకోడలి అనుమతితోనే రాస్తున్నాను. అక్టోబరులో ఒక ఇంటాయన, ఇల్లు చూడాలంటే రాత్రి తొమ్మిది గంటలకు ఒక్కదాన్నే రమ్మన్నాడట. అద్దె చవక. పేట మంచిది. "రానని చెప్పేశాను మావయ్యా. నా గదికి పోయి, అన్నం వండుకుని తిని, తలుపు గడియ వేసుకుని పడుకున్నాను" అన్నది ఆ పిల్ల, చాలా మామూలుగా. మర్నాడు పొద్దున్నకల్లా ఖాళీ చెయ్యాల్సిన సోఫా మీదనో, ఎనిమిది మంచాల హాల్లోనో వుండి వుంటే, ఆ రాత్రి అంత మామూలుగా "రాను" అనగలిగేదా? బావగారూ, ఈ పద్దు మీరు కరెంటు బిల్లు వెనక ఎక్కడ వేశారు? నాకు కనిపించలేదు.

2025 మే నెలలో బావగారూ అక్కయ్యా కూతుర్ని చూడ్డానికి బెర్లిన్ వెళ్ళారు. ఒంటిగది ఇంట్లో ముగ్గురెలా పడుకుంటారు? ఆ పిల్ల రెండు వీధుల అవతల తలిదండ్రులకు ఒక గది మాట్లాడి వుంచింది. మూడో రోజు పొద్దున అక్కయ్య ఫోను చేసింది.

"మీ బావగారు గోడవైపు తిరిగి పడుకున్నార్రా. అమ్మాయి తన ఇంటి దగ్గర్నుంచి ఫ్లాస్కులో కాఫీ తెచ్చేసరికి చల్లారిందట."